మంగళవారం మాట, గురువారం మాట

ఆగస్టు పంతొమ్మిదో తారీకు, మంగళవారం మధ్యాహ్నం, కృపానందం గారు కొరమీను పులుసు తిన్నారు. బెండకాయ ముక్కలు వేసి తనే వండుకున్నారు. ఉప్పు కాస్త తగ్గింది, చింతపండు కాస్త ఎక్కువైంది. అయినా రెండోసారి అన్నం పెట్టుకున్నారు. భార్య శౌరమ్మ పోయి రెండేళ్ళు దాటింది. ఆ రెండేళ్ళలో ఆ ఇంట్లో చేప ఉడకడం అదే మొదలు. తారీకు గుర్తుండిపోవడానికి అదొక్కటే కారణమైతే బాగుండేది. ఆ చేపకి ఆయన డబ్బివ్వలేదు. ఇవ్వబోతే చేపలావిడ తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో ఆయనకి బోధపడటానికి రెండు రోజులు పట్టింది.

కృపానందం గారు ముప్పై ఒక్క ఏళ్ళు డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆ తరువాత ఎనిమిదేళ్ళుగా విజయవాడలో ఒక మార్కెట్‌లో మైకు ముందు కూర్చుంటున్నారు. మార్కెట్ సంఘానికి మేడమీద ఒక చిన్న గది, గదిలో ఒక మైకు, కింద దుకాణాల వరసల్లో ఆరు స్పీకర్లు ఉన్నాయి. పిల్లాడు తప్పిపోయినా, కరెంటు కోత ఉన్నా అందులోనే చెబుతారు. మంగళవారం, గురువారం పదకొండు గంటలకి, బేరాలు సన్నగిల్లే వేళ, పావుగంటసేపు ఆ మైకు ఆయనది. ఢిల్లీలో దేనిమీద కొట్టుకుంటున్నారో కూరగాయలవాళ్ళకీ చేపలవాళ్ళకీ అర్థమయ్యేలా చెప్పాలి. జీతం లేదు. ఒక టీ ఇస్తారు.

ఆయనకొక పద్ధతి ఉంది. మంగళవారం నాడు మార్పు కావాలనేవాళ్ళ వాదన చెబుతారు. పూర్తిగా, వాళ్ళలో ఒకరై, వాళ్ళకంటే బాగా చెబుతారు. గురువారం నాడు వద్దనేవాళ్ళ వాదన అంతే నిజాయితీగా చెబుతారు. తన అభిప్రాయం ఏ రోజూ చెప్పరు. కాలేజీలోనూ చెప్పేవారు కాదు; చెబితే పిల్లలు పరీక్షలో దాన్నే రాసి మార్కులడుగుతారని భయం. ఇంట్లో శౌరమ్మ మాత్రం వదిలేది కాదు. రాత్రి కంచాలు తీస్తూ, "ఇంతకీ మీరేమంటారు?" అనేది. చెప్పేవారు. ఆమె చాలాసార్లు ఒప్పుకునేది కాదు.

మార్కెట్‌లో ప్రశ్నలు వేసేవాళ్ళకి కొదవ లేదు. దేశమంతటా ఒకేసారి ఎన్నికల గురించి చెప్పినప్పుడు, "మనకెప్పుడూ రెండు ఓట్లూ ఒకేరోజు కదండీ మాస్టారూ, ఇందులో కొత్తేముంది?" అన్నాడు నిమ్మకాయలాయన. పార్లమెంటు సీట్ల పునర్విభజన గురించి చెబితే పూలమ్మే ఆవిడ, "పిల్లల్ని తక్కువ కన్నందుకు సీట్లు తగ్గిస్తారంటండీ?" అని మెట్ల దగ్గర నిలదీసింది. అలాంటి ప్రశ్న ఒక్కటి దొరికిన రోజున ఆయనకి బస్సులో నిలబడి ఇంటికి వెళ్ళినా కాళ్ళు నొప్పిపుట్టేవి కావు.

ఈమధ్యనే అలసటగా ఉంటోంది. రెండు పక్కలా చెప్పాలంటే రెండు పక్కలా సరుకుండాలి. పేపర్లు తిరగేస్తే తిట్లు దొరుకుతున్నాయి గాని వాదనలు దొరకడం లేదు. బియ్యంలో రాళ్ళు ఏరడం అలవాటే. ఇప్పుడు రాళ్ళలో బియ్యం ఏరాల్సి వస్తోంది.

ఆ వారం విషయం కొల్లేరు. పక్షుల కోసం కాపాడుతున్న ఆ సరస్సు హద్దు సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా ఉంది. ఐదో కాంటూరు అంటారు. దాన్ని మూడుకి తగ్గిస్తే మధ్యలో ఉన్న భూములు జనం చేతికొస్తాయి, సరస్సు చిన్నదవుతుంది. రాష్ట్రానికీ కేంద్రానికీ సుప్రీంకోర్టుకీ మధ్య ఏళ్ళ తరబడి నలుగుతున్న గొడవ. జనం మాట వినడానికి ఒక కమిటీ శనివారం కైకలూరు వస్తుందని పేపర్లో పడింది. మంగళవారం నాడు కృపానందం గారు తగ్గించాలనేవాళ్ళ వాదన చెప్పి కిందికి దిగారు. చేపల వరసలోంచి ఎవరో పిలిచారు.

"మాస్టారూ! ఇటు రండి ఒకసారి!"

శౌరమ్మ పోయాక ఆయన ఆ వరసలోకి వెళ్ళలేదు. పిలిచిన మనిషి యాభై ఏళ్ళ ఆడమనిషి, కొండలమ్మ. శ్రావణం కావడంతో కొనేవాళ్ళు పల్చగా ఉన్నారు. ఆయన వద్దంటున్నా వినకుండా తొట్టిలోంచి కొరమీను తీసి, తల కొట్టి, బూడిద రాసి తోమి, ముక్కలు చేసి సంచిలో వేసింది.

"డబ్బులా? మీ దగ్గరా? ఇయ్యాళ మా అమ్మ పొలం గురించి అంత బాగా చెప్పారు. మా ఆయన కూడా ఏనాడూ మా పక్కన అలా మాట్టాడలేదండీ."

వినేవాళ్ళ అభిమానం కాబోలనుకున్నారు కృపానందం గారు. ఆ మర్యాద ఆయనకి ఎంతో హాయిగా అనిపించింది కూడా.

గురువారం నాడు తగ్గించకూడదనేవాళ్ళ వాదన చెప్పి కిందికి దిగేసరికి అదే దుకాణంలోంచి మళ్ళీ పిలుపు. ఈసారి మగ గొంతు. నలభై దాటిన మనిషి, పోలరాజు, అప్పుడే వాలుగ చేప ముక్కలు సంచిలో వేసి పట్టుకుని నిలబడ్డాడు.

"కాదనకండి మాస్టారూ. మా పక్కన నిలబడ్డారు. మా అక్క చెవిలో పడుంటే ఎంత బాగుండేదో."

"మీ అక్కంటే?"

"కొండలమ్మండీ. ఈ కొట్టు మా అమ్మది. ముప్పై ఏళ్ళు ఇక్కడే కూర్చుంది. తను కొల్లేట్లో మా లంక ఊరికి ఎళ్ళిపోతా మా ఇద్దరికీ రోజులు పంచింది. సోమ, మంగళ, బుధ అక్క వంతు. గురు, శుక్ర, శని నాది. ఆదివారం ఒకసారి ఆవిడ, ఒకసారి నేను." పోలరాజు పక్క కొట్టు మీంచి కాటా అందుకుని ఎవరికో పావుకిలో రొయ్యలు తూచి, కాటా తిరిగిచ్చేశాడు. "మంగళారం రాత్రి ఫోన్ చేసి, మాస్టారు తగ్గించమన్నారంది. ఆయన జన్మలో దేనికీ ఔననడు, నువ్వు కల్పిస్తన్నావన్నాను. అంతే. మాటల్లేవు. నిన్న పోతా పోతా కాటా పట్టుకుపోయింది. పొద్దుట్నించి అడుక్కుని తూస్తన్నా."

కృపానందం గారి చేతిలో సంచి బరువెక్కింది. "బాబూ, మంగళవారం చెప్పింది కూడా నేనేనయ్యా."

"ఊరుకోండి మాస్టారూ! ఎనిమిదేళ్ళుగా వింటన్నా. ఎన్నికలన్నీ ఒకేసారి వద్దన్నారు. సీట్లు మార్చొద్దన్నారు. మీరు వద్దన్నవన్నీ నేనూ వద్దన్నాను. ఇంట్లో మా ఆవిడ ఏం కొందామన్నా నోటికి వద్దనే వస్తందని గోల పెడతంది."

అతను నవ్వుతున్నాడు. కృపానందం గారు నవ్వలేకపోయారు. తన పద్ధతి ఏమిటో, మంగళవారం ఏం చెబుతారో, గురువారం ఏం చెబుతారో నెమ్మదిగా వివరించారు. వింటూ వింటూ పోలరాజు చేతిలో కత్తి కింద పెట్టాడు.

"అంటే మా ఇద్దరికీ చెరో మాట చెప్పారా?"

ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"అక్కకి నేను సారీ చెప్పుకుంటాను లెండి, అది కాదు," అన్నాడు. "మా అమ్మకి లంకలో రెండెకరాలుంది. సరిగ్గా ఆ మూడుకీ ఐదుకీ మధ్యన. శనివారం కమిటీకి ఇంటికో కాయితం ఇయ్యాలి. తగ్గించమనే కాయితం అక్క దగ్గరుంది, వద్దనేది నా దగ్గరుంది. రెండూ అచ్చేసినవే. మీ మైకు మాస్టారు ఏదంటే దానిమీదే వేలిముద్ర వేస్తానని కూర్చుంది అమ్మ. ఇప్పుడు ఆవిడకి నేనేం చెప్పను?"

కృపానందం గారు మళ్ళీ మెట్లెక్కి గదిలోకి వెళ్ళారు. మైకు చూసే శాలిని వైర్లు చుడుతోంది. జరిగింది విని ముందు పకపకా నవ్వింది. తర్వాత వేళ్ళు ముడుస్తూ లెక్కేసింది.

"నిజమే సార్. కింద సగం కొట్లు వంతుల మీదే నడుస్తాయి. మంగళవారంవాళ్ళు వేరు, గురువారంవాళ్ళు వేరు. మా అమ్మ బుధవారం ఒక్కరోజే వస్తుంది మార్కెట్‌కి. ఆవిడకి ఏ అభిప్రాయమూ లేదు."

అప్పుడు మాత్రం ఆయనకి నవ్వొచ్చింది. "వచ్చే వారం నుంచి రెండు మాటలూ ఒకేరోజు చెబుతానమ్మా. అరగంట కావాలి."

"అరగంట ఎవరు వింటారు సార్? పావుగంటకే పుచ్చకాయలాయన సౌండు తగ్గించమంటాడు."

"మరి వీళ్ళ సంగతి ఏం చేయమంటావు?"

"ఏదో ఒకటి చెప్పేయండి సార్. మీరేదంటే అదేనంటున్నారుగా."

అదే ఆయన భయం. ఆ రాత్రి వాలుగ ముక్కలు ఫ్రిజ్‌లోనే ఉండిపోయాయి. పడక మీద అటూ ఇటూ దొర్లుతూ రెండు వాదనలూ మళ్ళీ మొదటినుంచి నెమరువేసుకున్నారు. రెండూ తాను చెప్పినవే. రెండూ బాగానే ఉన్నాయి. తెల్లారేసరికి తేలిందేమిటంటే, ఆ రెండెకరాల మీద మాట చెప్పే అర్హత తనకి లేదు. చెప్పకుండా తప్పించుకునే అర్హత అంతకంటే లేదు.

శుక్రవారం సాయంత్రం, ఆయన కబురు పంపితే, సన్నగా పడుతున్న వానలో వాళ్ళు సింగ్‌నగర్‌లో ఆయన ఇంటికి వచ్చారు. తల్లీ కూతుళ్ళు ఒక ఆటోలో, కొడుకు ఇంకో ఆటోలో. తల్లి గంగాదేవికి ఎనభై ఉంటాయి. కుర్చీ వేస్తే వద్దని గోడకి ఆనుకుని కింద కూర్చుంది.

"కుర్చీలో కూకుంటే నాకు మాట రాదు నాయనా. నువ్వేనా మైకు బాబువి? గొంతు గురించి ఈళ్ళు చెబితే ఎంతో పెద్ద మనిషివనుకున్నా. పీలగా ఉన్నావే!"

"అమ్మా!" అంది కొండలమ్మ.

"ఉన్నమాటేగా."

కృపానందం గారు టీ పెట్టి తెచ్చి, తానూ కింద కూర్చున్నారు. ఏదీ దాచకుండా చెప్పారు. మంగళవారం ఒకరి మాట చెప్పానని, గురువారం ఇంకొకరి మాట చెప్పానని, వంతుల సంగతి తెలుసుకోకపోవడం తన పొరపాటేనని, దానివల్ల అక్కాతమ్ముళ్ళు మాటలు మానుకున్నారని, క్షమించమని అన్నారు. కొండలమ్మ తలవంచుకుని కొంగు అంచు మడతలు పెడుతోంది. పోలరాజు గుమ్మంలో నిలబడి వానకేసి చూస్తున్నాడు.

గంగాదేవి టీ మొత్తం తాగి గ్లాసు పక్కన పెట్టింది. "అది సరే. ఇంతకీ నువ్వేమంటావు?"

రెండేళ్ళుగా ఆ మాట ఆయన్ని ఎవరూ అడగలేదు.

"నాకు తెలీదమ్మా."

"ఇంత చదువుకుని?"

"చదివింది కాగితాల్లో. కొల్లేరు నేను చూసింది ఒక్కసారి. కాలేజీ పిల్లల్ని తీసుకుని పక్షుల్ని చూడ్డానికి వచ్చాం. గట్టు మీద పకోడీలు తిని వెళ్ళిపోయాం."

పోలరాజు గుమ్మంలోంచే చిన్నగా నవ్వాడు. గంగాదేవి నవ్వలేదు. ఆవిడ చూపు ఎదురు గోడ మీద ఉంది. రెండుసార్లు సున్నం కొట్టించినా గోడమీద నడుమెత్తున పసుపు గీత ఒకటి పోలేదు.

"అదెప్పటిది?"

"కిందటి సంవత్సరం సెప్టెంబరుదమ్మా. బుడమేరు పొంగినప్పుడు."

"ఎన్నాళ్ళున్నాయి నీళ్ళు?"

"తొమ్మిది రోజులు. మేడమీదవాళ్ళు వాళ్ళింట్లో ఉండనిచ్చారు. పుస్తకాలు, బీరువా, అన్నీ పోయాయి. మా ఆవిడ అప్పటికే పోయింది. ఇదంతా చూడకుండా పోయింది, అదొక్కటే నయం."

గంగాదేవి తలూపింది. "మా దగ్గర నెల్లాళ్ళు. మీ నీళ్ళే నాయనా. బుడమేరు ఎక్కడికి పోతదనుకున్నావు? కొల్లేటికేగా! మీ చాపలు, మీ చెప్పులు, సామాన్లు, అన్నీ వచ్చినయ్యి. ఒక ఎర్ర ప్లాస్టిక్కు కుర్చీ మా గుమ్మంలో ఆగింది. కడుక్కుని వాడుకుంటన్నాం. నీదేమో, చూసుకో."

"నాది కాదమ్మా," అన్నారు కృపానందం గారు. అన్నాక, ఏమో, అయినా అవ్వచ్చు అనిపించింది. తొమ్మిదో రోజు నీళ్ళు తీసినప్పుడు అవి ఎక్కడికి పోయాయని ఆయన అడగలేదు. పోతే చాలనుకున్నారు. రెండు పక్కలా అన్ని వాదనలు సేకరించారు గాని తన ఇంట్లోంచి వెళ్ళిన నీళ్ళ సంగతి ఏ పక్కా చేర్చలేదు.

లేచి వెళ్ళి తెల్లకాగితాలు, పెన్ను తెచ్చుకున్నారు.

"ఆ రెండు అచ్చు కాగితాలూ పక్కన పెట్టండమ్మా. కమిటీ మీ మాట వినడానికి వస్తోంది, నా మాట కాదు. మీకేం కావాలో చెప్పండి. నేను రాస్తాను. ఒక్క మాట కూడా అటూ ఇటూ చేయను."

"నేను చెప్పేది కాయితానికి పనికొస్తదా?"

"పనికొస్తుంది."

గంగాదేవి కళ్ళు మూసుకుంది. మెల్లగా, ఆగి ఆగి చెప్పింది. ఆ రెండెకరాలు తన అత్తగారిదగ్గర్నుంచి తనకొచ్చాయి, అవి తనకే ఉండాలి. ఎండాకాలం నీళ్ళు తీశాక అందులో వరి వేస్తుంది. కానీ చుట్టూ కట్ట వేసి చేపల చెరువు తవ్వుతానంటే దాన్ని ఎవరికీ ఇవ్వొద్దు, తనకీ ఇవ్వొద్దు. కట్టలేసినవాళ్ళ వల్లే పై నీళ్ళు పోయే దారి లేక ఇళ్ళలోకి వస్తున్నాయి. నీళ్ళొచ్చినప్పుడు ఆ భూమి నీళ్ళది, పోయాక తనది. సముద్రంలోకి పోయే ఉప్పుటేరు పూడిపోయింది, ముందు దాన్ని తవ్వాలి.

కొండలమ్మ ఆగలేకపోయింది. "కట్ట లేకపోతే లీజుకెవరు తీసుకుంటారమ్మా? ఇదంతా వాడి మాటే, నా మాట కాదు!"

"భూమి తిరిగిమ్మంటే తగ్గించమన్నట్టేగా," అన్నాడు పోలరాజు లోపలికొస్తూ. "ఆవిడ మాటే రాయించింది."

"ఇద్దరికీ నచ్చలేదుగా? అయితే నాదే," అంది గంగాదేవి.

కృపానందం గారు రాసింది పైకి చదివారు. వరద అని రాసినచోట ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "వరదేంటి? ఏటేటా చుట్టాలొచ్చినట్టొస్తయ్యి. నీళ్ళని రాయి." కొట్టేసి నీళ్ళని రాశారు. ఏ కాంటూరు ఉండాలో రాయమంటారా అనడిగితే, "ఆ అంకెలు వాళ్ళనే వేసుకోమను," అంది. స్టాంపు ప్యాడ్ ఎండిపోయి ఉంది. నాలుగు చుక్కలు నీళ్ళు వేసి నానబెట్టారు. పోలరాజు కాగితం కదలకుండా పట్టుకుంటే కొండలమ్మ తల్లి బొటనవేలు పట్టుకుని అద్దించింది. వేలిముద్ర కాస్త పక్కకి జరిగి పడింది.

"నువ్వు కదిలించావు," అంది కొండలమ్మ. మంగళవారం రాత్రి తర్వాత తమ్ముడితో ఆమె అన్న మొదటి మాట అది.

"నువ్వే గట్టిగా నొక్కావు."

కృపానందం గారు కాగితం మడవకుండా ఒక ఫైలులో పెట్టారు. ముప్పై ఒక్క ఏళ్ళ పాఠాలూ ఎనిమిదేళ్ళ మైకూ ఆయనకి నేర్పిందాన్ని బట్టి, ఆ కాగితం వేరే కాగితాల కింద పడిపోవచ్చు. చదివినా, రెండు పక్కల్లో ఏ పక్కన లెక్కెయ్యాలో తెలియక పక్కన పెట్టేయొచ్చు. ఆ మాట గంగాదేవితో అన్నారు. దాచడం ఇష్టం లేకపోయింది.

"అయితే అయింది. నేను చెప్పింది నేను చెప్పినట్టుంది, అది చాలు," అందావిడ. "నడుం వాలుస్తాను. చాపుంటే ఇయ్యి."

వాన పెరిగింది. కైకలూరుకి తెల్లవారుజామున మొదటి బస్సుకి వెళ్ళడమే మేలని తేలింది. కృపానందం గారు లోపలి గదిలో మంచం మీద ఉతికిన దుప్పటి పరిచారు. గంగాదేవి మంచం వద్దని చాపే వేయించుకుంది, పడుకోగానే నిద్రపోయింది. మనుషుల ఊపిరి చప్పుడు వినిపించే ఇల్లు ఎలా ఉంటుందో ఆయన మర్చిపోయారు. ఫ్రిజ్‌లో చేప ఉందని చెబితే కొండలమ్మ పది నిమిషాల్లో వేపుడు చేసి పెట్టింది. ముగ్గురూ తిన్నారు. తర్వాత అక్కాతమ్ముళ్ళు వరండాలో చేరి, రేపు తల్లితో ఎవరు వెళ్ళాలన్నదాని మీద వాదులాటకి దిగారు.

"రేపు శనివారం. నీ వంతు. నువ్వు కొట్లో కూర్చో, నేనెళ్తా."

"నువ్వెళ్తే దారిలో అమ్మ మనసు మారుస్తావు. నా వంతు నువ్వు తీసుకో, నేనెళ్తా."

"నీ వంతు నాకెందుకురా? ఏనాడైనా తీసుకున్నానా?"

"పోనీ ఇద్దరం పోదాం. కొట్టు మూసేద్దాం."

"శనివారం కొట్టు మూస్తావా? ఈ బుర్రతోనే వ్యాపారం చేస్తన్నావా?"

గొంతులు పెరుగుతున్నాయి. కృపానందం గారు వాళ్ళని సర్దుకోమనడానికి రెండడుగులు వేసి ఆగిపోయారు. ఇక్కడ ఎవరి పక్కనా చెప్పాల్సింది ఏమీ లేదు. వాళ్ళని మాట్లాడుకోనిచ్చి, పడుకున్నావిడకి మెలకువ రాకుండా లోపలి గది తలుపు చప్పుడు లేకుండా దగ్గరికి వేశారు.